తుఫాన్లు అని రాయించాను

ఎంబీఏలో చేరిన మొదటి నెలంతా నేను క్లాసులో నోరు తెరవలేదు. బీకాం దాకా తెలుగు మీడియం. అమలాపురం శివార్లలో కొత్తగా పెట్టిన ఆ కాలేజీలో హాజరు పిలవడం కూడా ఇంగ్లీషులోనే. నా వంతు వచ్చేసరికి చెయ్యెత్తి ఊరుకునేదాన్ని.

బస్సులో పక్కన కూర్చునే అమ్మాయి లేకపోతే రెండో వారంలోనే మానేసేదాన్ని. మావి ఉప్పలగుప్తం వైపు పక్కపక్క ఊళ్లు. ఆమె ఇంగ్లీషు మీడియంలో చదువుకుంది. బస్సు కదలగానే ఆరోజు పాఠం తీసి, నాకు అర్థమయ్యేదాకా తెలుగులో చెప్పేది. ఒక్కసారీ విసుక్కోలేదు.

రెండో నెలలో మార్కెటింగ్ సారు, ఒక్కొక్కరూ ఏదైనా స్థానిక వ్యాపారం చూసొచ్చి క్లాసులో పావుగంట మాట్లాడాలన్నారు. నాకు తెలిసింది మావయ్య రొయ్యల చెరువు ఒక్కటే. ఆ అమ్మాయి నాన్నగారికీ అదే కాలవ మీద, కొంచెం దిగువన, కౌలు చెరువు ఉంది. "రొయ్యలు నువ్వు తీసుకో. నేను ఆత్రేయపురం వెళ్లి పూతరేకుల గురించి రాసుకొస్తాలే" అని ఆమే సర్దుకుంది.

ఆదివారం ఉదయం చెరువుకి వెళ్లాను. గట్టు ఎక్కకముందే కొంగలు కనిపించాయి. అన్ని కొంగల్ని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. నీళ్ల అంచున నిలబడి, తొందరేమీ లేకుండా ఏరుకుని తింటున్నాయి. మేత తిన్నాయో లేదో చూసే తట్టని మావయ్య పైకి లాగారు. వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వారకి వచ్చి తేలుతున్న ఒక రొయ్యని తీసి, తల మీది పెంకు ఒలిచి వెలుతురుకి పట్టారు. నిండా తెల్లటి చుక్కలు.

"ఇదేటి మావయ్యా?"

"తెగులమ్మా." రొయ్యని గట్టు అవతలకి విసిరేశారు. "కాలేజీలో ఈ మాట అనకు. రేపు పొద్దున్నే మిగిలింది పట్టించేసి, తూము తీసేస్తాను."

"ఆ నీళ్లు కాలవలోకేనా?"

"ఇంకెక్కడికి వదుల్తారు?"

"కింద చెరువులోళ్లు ఆ నీళ్లే తోడుకుంటారు కదా."

"పైవోళ్లు వదిలినప్పుడు నాకెవరైనా చెప్పేరా?" గొంతు పెంచలేదు. "మీ అత్తయ్యకీ చెప్పలేదమ్మా. నువ్వు చూసేవు కాబట్టి చెప్పేను."

సోమవారం బస్సులో ఆ అమ్మాయి నా షీట్లు దిద్దింది. "రిస్కులు అని ఒక హెడ్డింగ్ ఉండాలి. సారు తప్పకుండా అడుగుతారు. ఏం రాయను?" అని పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"తుఫాన్లు" అన్నాను.

రాసింది.

క్లాసులో షీట్లు చూసి చదివేశాను. సారు అద్దాలు సర్దుకుని, తుఫాన్లు తప్ప ఈ వ్యాపారానికి వేరే ప్రమాదం లేదా అని అడిగారు. "నో సార్" అన్నాను. ఆ క్లాసులో నేను తడబడకుండా చెప్పిన మొదటి ఇంగ్లీషు మాట అదే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఇంకాస్త గట్టిగా కొట్టింది.

సాయంత్రం బస్సు కాలవ పక్కన వెళ్తోంది. వానల్లేకపోయినా నీళ్లు నిండుగా, నురగతో పారుతున్నాయి. "చూడు, ఎంత నీరొచ్చిందో. నాన్నగారు రేపు చెరువుకి మోటారు వేస్తానన్నారు" అంది. మా స్టాపుకి ఇంకా రెండు ఊళ్లున్నాయి. చెప్పడానికి కావలసినంత దారి. నేను పుస్తకాలు ఒళ్లోకి తీసుకుని కిటికీ వైపు తిరిగాను.

రెండు వారాలు తిరగకుండా నా పక్క సీటు ఖాళీ అయింది. నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని, నన్ను చూసి తల ఊపారంతే.

"చదువు ఇక కుదరదు" అంది ఆమె. ఆగి అడిగింది. "మీ మావయ్యగారి చెరువెలా ఉంది?"

"పోయింది."

"ఎప్పుడు?"

"మీకంటే ముందే."

కాసేపు నన్నే చూసింది. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత పాఠాలు డిక్షనరీ పెట్టుకుని నేనే చదువుకున్నాను. రెండో ఏడాదికి కాగితం చూడకుండా మాట్లాడగలిగాను. ఆమె ఊళ్లోనే ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెప్పడానికి చేరింది. అమలాపురం బస్టాండులో రెండుసార్లు ఎదురైంది. రెండుసార్లూ "బాగున్నారాండీ" అని పలకరించి, సమాధానం కోసం నిలబడి, తన బస్సు ఎక్కింది.