రాజా పొగరు

మొన్న మందుల షాపులో గజ్జి మందు మూత తీయగానే గంధకం వాసన వచ్చింది. ముత్తియాల్‌పేటలో మా పక్కింటి సరోజత్త, ఆమె పెరట్లోని కుక్క రాజా గుర్తొచ్చారు. వీధిలో దొరికిన జబ్బు కుక్కలకు గంధకం, కొబ్బరినూనె కలిపి పూసి, నయమయ్యాక ఎవరికైనా పెంచుకోవడానికి ఇచ్చేది అత్త. రాజాకి గజ్జి తగ్గింది కానీ, ఎంత పిలిచినా తిరిగి చూసేది కాదు. పొగరనుకున్నాను. ఎనిమిదేళ్లకే పొగరు గురించి నాకు చాలా తెలుసు.

ఒకరోజు దాన్ని తీసుకుపోవడానికి ఇందిరా నగర్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. అత్త కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.

"ఏం పాపా, మంచి కుక్కేనా?" అని ఆవిడ అడిగింది.

"శానా పొగరు దానికి. పిలిస్తే రాదు, తాకితే కరుస్తాది," అంటూ మోచేతి మీద గాటు చూపించాను. అది నిద్రపోతుంటే వెనకనుంచి తోక లాగానని మాత్రం చెప్పలేదు.

కాఫీ వచ్చేసరికి వాళ్లు లేరు.

"యాడికి పోయిరి?" అంది అత్త. జరిగింది చెప్పాను.

"దానికి చెవుడు పాపా, పావం. కాఫీ తాగినాక నిదానంగా చెప్దామనుకుంటి."

తిట్టలేదు. ఒక గ్లాసు నా చేతికిచ్చింది. తాగేశాను కూడా.

ఆ సాయంత్రానికే నా మాట వీధంతా పాకింది. తర్వాత రాజా కోసం ఎవరూ రాలేదు. మర్నాడు నన్ను చూసి అది తోకాడించింది. నేనన్న మాట వినంది ఆ వీధిలో అదొక్కటే.