యూసుఫ్ మాస్టర్ అమెరికా రూల్

నిన్న పొద్దున స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలతో వార్మప్ చేయిస్తుంటే ఫోన్ వచ్చింది.

యూసుఫ్ మాస్టర్ ఇక లేరన్నారు.

"సరే" అని ఫోన్ పెట్టేశాను. పిల్లల్ని ఇంకో రౌండ్ పరిగెత్తమన్నాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో గుర్తు లేదు.

తెల్లవారుజామున ఫజర్ నమాజ్ చదివి, ఫోన్‌లో అమెరికా మ్యాచ్ పెట్టుకున్నారట. ఆయన భార్య, మా చాచీ, చాయ్ తెచ్చేసరికి మ్యాచ్ నడుస్తూనే ఉంది. గోడకు ఆనుకుని నిద్రపోతున్నారనుకుని ఆమె సౌండ్ తగ్గించిందట.

మాస్టర్ తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఇస్నాపూర్‌లో బట్టలు కుట్టే షాపు ఆయనది. మా బస్తీ ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆయనే కుట్టారు. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి, మా అమ్మాయిల టీంకి ఫుట్‌బాల్ నేర్పడానికి వచ్చేవారు. చిన్నప్పుడు సిటీలో మామ ఇంట్లో ఉండి ఆడారట. మిగతా కోచింగ్ అంతా అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నదే.

అమెరికానే ఎందుకు మాస్టర్, అని అడిగితే ఆయన లెక్క ఆయనకుండేది.

"ఆల్లకు గూడ మన లెక్కనే బేటా. ఆడ ఫుట్‌బాల్ అంటే చేతుల పట్టుకొని ఉరికే ఆట. మన ఆటకు సాకర్ అని ఏరే పేరు పెట్టి, ఇంటికొచ్చిన చుట్టం తీరు చూస్తరు. అయినా ఆడపిల్లలు కప్పులు కొట్టుకొస్తున్నరు. మగపోరగాల్లు ఇంకా నేర్సుకుంటనే ఉన్నరు."

ఆ మాట పట్టుకుని మేం చాలా రోజులు బస్తీలో మగపిల్లల్ని ఏడిపించాం.

మా గ్రౌండ్ అంటే కంపెనీ గోడ పక్కన ఖాళీ జాగా.

చలికాలం మంచు, అవతలి బాయిలర్ ఆవిరి కలిసి ఇటు దిగేవి. నడుం దాకా తెల్లగా కమ్ముకునేది. కాళ్ళు కనిపించేవి కావు, బాల్ కనిపించేది కాదు. తలలు మాత్రం తేలుతూ పోయేవి. మాస్టర్ గొంతు ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు.

ఇప్పటికీ నాకు కలలో ఆ గ్రౌండే వస్తుంది. అందులో ఎవరూ గోల్ కొట్టరు. ఊరికే ఆడుతూ ఉంటాం.

పదో తరగతి అయిపోయాక అమ్మ ఆట మానెయ్యమంది.

"ఇగ సాలు. పెద్దగైనవ్. నిక్కరేసుకొని ఉరుకుతుంటే నలుగురు ఏమనుకుంటరు?"

అమ్మది ఫార్మా కంపెనీలో ప్యాకింగ్ పని. డ్యూటీ నుంచి వస్తే ఇంటిపని. ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు. నా బూట్లు సంచిలో కట్టి అటక మీద పెట్టేసింది. ఆ వయసులో నాకు ఆట తప్ప ఇంకో లోకం లేదు. అన్నం కూడా సహించలేదు.

ఆ ఆదివారమే కర్దనూర్ టీంతో మ్యాచ్. ముందు రోజు మాస్టర్ మా ఇంటికొచ్చారు. నన్ను ఆడనివ్వమని బతిమాలతారేమో అనుకున్నాను. ఆయన నా మాటే ఎత్తలేదు.

"అక్కా, రేపు హాఫ్ టైంల మీరు సంత్రా పండ్లు తేవాలె."

"నేనెందుకు మాస్టర్?"

"అమెరికాల రూలక్కా. ఏ వీడియోల చూసినా తల్లులే వస్తరు, సంత్రాలు ఇస్తరు. తల్లి రాకుంటే టీమే కాదు. సగం సగం నేర్సుకుంటే ఎట్ల?"

అమ్మను లొంగదీసే ఎత్తు అనుకునేరు. కాదు. ఆయన నిజంగానే అది ఆట రూల్ అనుకున్నారు. ఆఫ్‌సైడ్ రూల్ ఎంతో సంత్రాల రూలూ అంతే. టీంలో ప్రతి ఇంటికీ వెళ్ళి ఇదే చెప్పారు. ఒక్క జాకెట్ కూడా చెడగొట్టని మనిషి మాట కాబట్టి తల్లులందరూ నమ్మారు.

అమ్మ "గీ ఒక్కపారి" అని అటక మీది సంచి దించింది.

ఆదివారం అమ్మలంతా వచ్చారు. బురఖాల్లో కొందరు, డ్యూటీ చీరల్లోనే కొందరు. గీత పక్కన గోనె సంచులు పరిచి వరుసగా కూర్చున్నారు.

ఫస్ట్ హాఫ్ అంతా మా అమ్మ సంత్రాలు ఒలుస్తూనే ఉంది. తల ఎత్తలేదు. సెకండ్ హాఫ్‌లో చేతిలో పని అయిపోయింది.

అప్పుడు చూసింది.

మేం ఓడిపోయాం. ఇల్లు చేరాక అమ్మ అడిగింది.

"ఆ పొడుగు పోరి నిన్ను నూకుతుంటే రెఫరీ ఏం సూస్తుండు?"

ఆ తర్వాత నన్ను ఎవరూ మానెయ్యమనలేదు.

ఇప్పుడు నేను స్కూల్లో కోచ్‌ని. ఈ మధ్య ఆన్‌లైన్ కోచింగ్ కోర్సులో ఒక అమెరికా మేడం క్లాస్ చెప్పింది. సంత్రాల రూల్ గురించి అడిగితే నవ్వేసింది. రూల్ ఏమీ కాదు, ఒకప్పుడు ఇళ్ళల్లో అలవాటు, అంతే అంది. తర్వాత నవ్వు ఆపి వాళ్ళ బాధలు చెప్పింది. మంచి క్లబ్బులో ఆడాలంటే ఫీజులు మోయలేరట. ఉన్నవాళ్ళ పిల్లలే నిలుస్తారట. తల్లిదండ్రులు గీత పక్కన నిలబడి కోచ్‌ల మీద అరుస్తారట. విసిగిపోయి చాలామంది పిల్లలు మధ్యలోనే మానేస్తారట.

షాపుకెళ్ళి మాస్టర్‌కి చెప్పాను. మిషన్ ఆపేశారు.

"రూల్ కాదా?"

"కాదు మాస్టర్."

"మరి గరీబోల్ల పిల్లలు ఏడ ఆడుతరు ఆడ?"

నాకు తెలియదన్నాను. ఇస్నాపూర్‌లో కూర్చుని అమెరికా కోసం అంత దిగులు పడ్డ మనిషి ఆయనొక్కరే అయి ఉంటారు.

"రూల్ పెట్టుకుంటే అయిపోవు గద బేటా. తల్లులను కూసోబెట్టాలె. నిలబడ్తెనే అరుస్తరు" అని మళ్ళీ మిషన్ తొక్కారు.

నిన్న జనాజా ఖబరస్తాన్‌కి వెళ్ళిపోయాక అమ్మా నేనూ చాచీ దగ్గర కాసేపు ఉండి ఇంటికొచ్చాం. నాకు దుఃఖం ఆగలేదు.

"ఆయన లేకుంటే నా ఆట ఆడనే ఆగిపోతుండె అమ్మా" అన్నాను.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ ఆట సంగతి సరే బిడ్డా. కంపెనీల నిలబడుడు, ఇంటికొస్తే మల్ల నిలబడుడు. ఇంత వయసొచ్చింది. నన్ను ఒక తాన కూసొని సూడమన్నోడు ఆయనొక్కడే."

ఇన్నేళ్ళూ ఆయన ఆటకు పిలిచింది నన్నొక్కదాన్నే అనుకున్నాను.

పోయి రండి మాస్టర్. మీరు పడుకున్న నేల చల్లగా ఉండాలి. అల్లా మీకు కమ్మటి నిద్రనివ్వాలి.