గట్టిగా చెబితే సరిపోద్దిగా!

అరవైల్లో గురజాల దగ్గర ఒక హైస్కూల్లో బి.ఇడి. మాస్టారుగా పనిచేస్తున్న రోజుల్లో, చెవులు వినపడని పిల్లలకు చదువు చెప్పే పద్ధతుల మీద ఎం.ఇడి. చేయాలని నాకు బుద్ధి పుట్టింది. సీటు కూడా వచ్చింది. ఇక స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు సెలవు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సీటు పోయినట్టే.

ఆయన మిరప కల్లంలో నులక మంచం మీద కూర్చుని నా గోడు విన్నారు. మామూలుగా మాట్లాడితేనే పక్క పొలంలో ఎద్దులు తలెత్తి చూసే గొంతు ఆయనది.

“చెవిటి పిల్లలకి పాఠం చెప్పటానికి మళ్ళీ చదువెందుకయ్యా? గట్టిగా చెబితే సరిపోద్దిగా!”

“గట్టిగా చెప్పినా వినపడదండీ,” అన్నాను.

“ఏందీ?”

“వినపడదండీ!”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఎండుమిరపల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న భార్య వైపు తిరిగారు.

“ఏమే, ఇన్నావా? ఈ మాస్టారి గొంతు నాకే ఇనపడట్లేదు, ఇంక చెవిటోళ్ళకేం ఇనపడుద్ది? పాపం, పోయి నేర్చుకు రానీ.”

సెలవు మంజూరైంది. ఆ కోర్సులో గొంతు పెంచడం ఎక్కడా నేర్పరన్న సంగతి ఆయనకు విడమరిచి చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.