మెరె దీ పలికిన నది పేరు

ఈ ఉదయం ఆటోలో పక్కామె యూకలిప్టస్ బిళ్ళ చప్పరిస్తోంది. ఆ వాసనకు పాత భయమొకటి గుర్తొచ్చింది. సాల్ట్ లేక్ ఆఫీసులో మా బాస్ మెరె దీ భయమేసినప్పుడల్లా ఆ బిళ్ళే నోట్లో వేసుకునేది. న్యూజిలాండ్ నుంచి రెండేళ్ళ పనిమీద వచ్చిన మావోరీ మనిషి ఆవిడ. బెంగాలీ వాళ్ళతో పాటు నేనూ అక్కా అన్నట్టు 'దీ' అనే పిలిచేదాన్ని. ఆఫీసంతటినీ ఒంటిచేత్తో నడిపే మనిషికి భయమేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను.

వచ్చిన కొత్తలో ఎవరో మావోరీ యుద్ధనృత్యం చేసి చూపించమంటే, రాదని ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత నాతో అంది: "మేమందరం ఒకే అచ్చనుకుంటారు. మా చిన్నాన్న కొడుక్కి ముఖమంతా పచ్చబొట్టు, ఇంట్లో మా భాషే. మా చెల్లెలికి చర్చి తప్ప మరోటి పట్టదు. నేను నగరంలో ఇంగ్లీషుతో పెరిగాను. నువ్వు నిజంగా మావోరీవేనా అని ఎవరైనా అడుగుతారేమోనని నాకు హడలు."

ఆ హడలు నాకు తెలుసు. నాన్న శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి రేవు పనికొచ్చాడు, నేను రేవు పక్క వాట్‌గంజ్‌లోనే పుట్టాను. ఒకసారి హైదరాబాద్ అధికారి తెలుగులో పలకరిస్తే "ఏటండీ?" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఇంట్లో చెబితే అమ్మ, "నవ్వితే నవ్వనీ, నీ సొమ్మేటి పోనాది?" అంది. నేను మాత్రం ఆఫీసులో మళ్ళీ తెలుగెత్తితే ఒట్టు.

అంతలో ఆవిడ దేశం నుంచి బృందం వస్తోందని తెలిసింది. వాళ్ళ ఆచారం ప్రకారం ఆవిడ లేచి తన కొండ, తన నది, తన తెగ పేర్లు వాళ్ళ భాషలో చెప్పుకోవాలి. బృందంలో ఆవిడ నది ఒడ్డు నుంచే ఒక పెద్దాయన ఉన్నాడు. వారం రోజులు తలుపు వేసుకుని నా ముందు వల్లించింది. చిక్కంతా నది పేరు దగ్గరే. ఫోన్ పాఠాల్లో 'ఫాంగనూయి' అని నేర్పుతున్నారు, వాళ్ళమ్మ 'వాంగనూయి' అనేదట. "అమ్మది తప్పేమో. ఆయన ముందు తప్పు పలికితే నా పరువేం కాను?" అంది. పాఠం ప్రకారమే పోదాం దీ అన్నాను. ఆ సలహా నాదే.

బృందం వచ్చిన రోజు ఆవిడ లేచి 'ఫాంగనూయి' అంది. పెద్దాయన తలెత్తి చూశాడు. ఇంగ్లీషులోకి మారి, "మీ అమ్మ ఆ నదిని ఏమని పిలిచేది?" అన్నాడు. మెరె దీ వినపడీ వినపడకుండా, "వాంగనూయి" అంది.

"మా ఒడ్డున అందరం అలాగే అంటాం. వేరే తెగలవాళ్ళు వేరేగా అంటారు, అది వాళ్ళ పలుకు. మీ అమ్మది తప్పని నీకెవరు చెప్పారు?" అంటూ దగ్గరికొచ్చి, వాళ్ళ పద్ధతిలో ఆవిడ ముక్కుకు ముక్కు ఆనించాడు. ఆవిడ ఏడ్చేసింది. నేను తల దించుకున్నాను.

సాయంత్రం, "భయం తీరిందా దీ?" అని అడిగాను. "లేదు. పరాయివాళ్ళ పాఠం విని అమ్మను తప్పుపట్టాను కదా, మళ్ళీ అలాగే చేస్తానేమోనని ఇప్పుడు భయం," అంది.

ఆవిడ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను ఆఫీసులో అమ్మ తెలుగే మాట్లాడుతున్నాను, భయపడుతూనే. నలుగురూ నవ్వుతారని కాదు. వాళ్ళు నవ్వకుండా ఉండాలని అమ్మ మాటను నేనే దిద్దేస్తానేమోనని.