చెరుకు మానిన ఎనిమిది రోజులు

నిన్న బోధన్ రోడ్డు మీద మా ఆటో చెరుకు లారీ వెనక ఆగింది. ఆ పచ్చి తీపి వాసనకు ఈ వయసులోనూ నోట్లో నీళ్లూరాయి. పందొమ్మిది వందల అరవైల్లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్ల వెనక పరిగెత్తి గడలు లాగిన నా ఈడువాళ్లారా, మీకూ ఊరుతున్నాయి కదా?

నాకు ఆరేళ్లప్పుడు సంగీతం నేర్పించాలని మా అమ్మకు పట్టుదల పుట్టింది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఇంట్లో నాకన్నా ఎక్కువ చెరుకు నమిలేది ఆమే. అయినా మొదటి పాఠానికి ఎనిమిది రోజుల ముందునుంచే నన్ను దాన్ని ముట్టనివ్వలేదు. "గొంతు పట్టుకుంటది. సార్ ముంగట కప్పలెక్క అరుస్తవా?" అనేది.

ఆ రోజు తలకు నూనె రాసి, రెండు జడలు బిగించి, మిరియాల పాలు తాగించి సంగీతం సార్ ఇంటికి తీసుకెళ్లింది. సార్‌కు కానుకగా మా చేన్లో ఏరి కొట్టిన చెరుకు గడలే మోపు కట్టి చంకన పెట్టుకుంది. దారంతా నా చూపు ఆ మోపు మీదే.

సార్ హార్మోనియం పట్టి "స" అనమన్నారు. భయానికి నాకు గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన లేచి, అవ్వ తెచ్చిన గడ ఒకటి విరిచి, చెక్కు తీసి ఇచ్చారు.

"నములు బిడ్డా. నోరెండిపోయింది."

నేను అవ్వ వైపు చూశాను. తలూపింది. గడ్డం మీద రసం కారుతుండగా నా మొదటి "స" పలికింది.

"నువ్వు గూడ తిను చెల్లె," అని సార్ ఇంకో ముక్క ఇవ్వబోయారు.

అవ్వ సిగ్గుపడుతూనే అందుకుంది. "ఎనిమిది రోజులాయె సార్, నేను గూడ ముట్టలే. పోరి నోరు కట్టేసి నేనొక్కదాన్నే ఎట్ల తింట?"