తోక వెనక నుంచి వచ్చిన కేక

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మార్కాపురంలో నా స్టీలు సామాన్ల దుకాణం పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, కోతల శీనయ్య దుకాణం అంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వదిలిపెడతారు. కంభం చెరువులో నేను చూసిన చేప మార్కాపురం చేరేసరికి మేకంత అవుతుంది. గిద్దలూరులో మా బావమరిది ఇంటికి చేరేసరికి దానికి కొమ్ములు కూడా మొలుస్తాయి.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఈ చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నా దుకాణంలో తయారైనవే. అర్ధవీడు దోవలో బస్సు ఆపి టికెట్టు అడిగే తెల్లచీర ఆవిడ నా సరుకే. నేను కట్టబెట్టిన చీరను చూసి నేనే ఎట్లా భయపడతాను?

కాబట్టి కింద రాసిన దాంట్లో పెంచి చెప్పినవి ఉంటాయి. నేను కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

సైకిల్ యాత్ర పెట్టాలన్న ఆలోచన మందుల దుకాణం ఖాసింది. ఊరందరికీ షుగరు మాత్రలు అమ్మీ అమ్మీ వాడికి పాపభయం పట్టుకుంది. జనాన్ని పోగుచేసే పని నా నెత్తిన పెట్టాడు. ప్రచారమంటే గాలి కొట్టడమేగదా మామా, ఆ పంపు నీ దగ్గరే ఉండాది అన్నాడు.

కొట్టాను. నేను వేయించిన గోడపత్రిక చూస్తే హిమాలయాలు దాటబోతున్నామని అనుకోవాలి. అసలు దోవ ఇది. మార్కాపురం నుంచి కొంత తారు రోడ్డు, ఆ తర్వాత పలకల గనుల మధ్య బండ్లబాట, పొలాల్లో ఎర్రమట్టి దోవ, ఒక వాగు మీద నీళ్ళు పైనుంచే పారే చప్టా, చివరికి కంభం చెరువు కట్ట. కట్ట మీద చిత్రాన్నం తిని, సైకిళ్ళు లారీలో వేసుకుని ఇంటికి రావడం. ఊరంతా కదిలివస్తుందని రాశాను. వచ్చింది ఒక ఆటోకు సరిపడే జనం. మా వైపు ఒక ఆటోకు సరిపడే జనమంటే చిన్న పెళ్ళివారితో సమానం లెండి.

దోవ అడుగుకో రకంగా ఉంటుంది కాబట్టి కేక అందించాలని నియమం పెట్టుకున్నాం. ముందున్నవాడు గుంత చూస్తే 'గుంత' అని కేకేస్తాడు. వెనకవాడు అదే మాట తన వెనకవాడికి అందిస్తాడు. వెనక ఏమన్నా అయితే అట్లాగే కేక ముందుకు పోతుంది. తల తిప్పి చూడకూడదు, చూస్తే పడతాం. విన్న మాటను విన్నట్టు పంపడమే పని.

అందరికన్నా ముందు ఖాసిం. వాడి పక్కన విజయ టీచరు, మా గుంపులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. తర్వాత మిగతావాళ్ళు, వాళ్ళ వెనక నేను. నా వెనక, అందరికన్నా చివర, రత్నం. చివరివాణ్ణి మేం తోక అనేవాళ్ళం.

రత్నం నాతో పదో తరగతి వరకు చదివాడు. ఆటో నడిపేవాడు. మనిషి ఎంత లావంటే వాడు ఎక్కితే ఆటోకు ఇక బేరం అక్కర్లేదు. పంక్చరు సామాను, గాలిపంపు వాడి సంచిలోనే ఉన్నాయి. బయల్దేరే చోటికి వాడి భార్య సునీత వచ్చి, వాడి తలకు తువ్వాలు చుట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఈ మనిషి వెనకబడిపోతాడు. వదిలేసి పోబాకండి అన్నా."

ఆయన చక్రం తిరక్కపోతే నా చక్రం తిరగదు సునీతమ్మా అన్నాను. కోత.

పలకల గనుల దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. అటూ ఇటూ పనికిరాని పలకరాళ్ళ కుప్పలు, తిరుమల కొండకు సొంత తమ్ముళ్ళంత. బాట మీద బూడిదరంగు దుమ్ము. ఆ బాటలో మేక తాగడానికి కూడా చుక్క నీళ్ళు లేవు. ఇది పెంచి చెప్పడం లేదు.

అక్కడ నా వెనక నుంచి కేక వచ్చింది.

"రత్నమన్న నీళ్ళల్లో... పడినాడు. రండి."

ఆడగొంతు. రొప్పుతోంది. 'నీళ్ళల్లో' అన్నాక ఊపిరి తెగినట్టు ఆగి, మళ్ళీ అందుకుంది. నియమం ప్రకారం నేను తల తిప్పలేదు. విన్నది విన్నట్టు ముందువాడికి అరిచాను. కేక నోటినోటా ఖాసిం దాకా పోయింది. అందరూ దిగారు. సైకిల్ ఆపి కాలు నేలకు ఆనించాక గానీ నాకు బుర్ర వెలగలేదు. నీళ్ళేంది?

వెనక్కి తిరిగితే రత్నం వస్తున్నాడు. కనుబొమ్మల దాకా దుమ్ము కొట్టుకుపోయి, ఏదో క్రీస్తు పాట కూనిరాగం తీసుకుంటూ, తీరిగ్గా తొక్కుతున్నాడు.

"ఏంది, అందరూ దిగినారు?" అన్నాడు.

ఎవరు చెప్పారంటే ఎవరు చెప్పారని వెతుకుతూ వస్తే, వేలు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి జరిగి నా దగ్గర ఆగింది. నా వెనక ఆడమనిషి గొంతు వినిపించిందని చెప్పాను. రత్నానికి ఏమీ వినపడలేదట. వాడి వెనక ఎవరూ లేరు. నేను సైకిల్ పడేసి వెనక్కి నడిచి చూశాను. ఆ మెత్తటి దుమ్ములో మా టైర్ల గీతలు తప్ప మనిషి అడుగు ఒక్కటి లేదు.

"తోక వెనక ఆడమనిషి యాడినుంచి వచ్చింది మామా?" అన్నాడు ఖాసిం. "నీ తెల్లచీరామె టికెట్టు తీసుకోను వచ్చిందేమో."

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువగా రత్నమే నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బతికున్నోణ్ణి, అదీ నీళ్ళు లేని చోట, ముంచినావు గదరా శీనా. ఉండు, నీకు చెప్తా."

కాదురా అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఎవరూ వినలేదు. పైగా పొగడటం మొదలుపెట్టారు, గొంతు కూడా మార్చినాడు మహానుభావుడు అని. నాకు పొగడ్త అంటే ఎంత ఇష్టమో మీకు తెలియదు. ఎర్రమట్టి దోవలో పడేసరికి నేను కూడా నవ్వుతున్నాను.

చప్టా దగ్గర వాగు పారుతోంది. లోతేమీ లేదు, మోకాలి కిందికే. కానీ చప్టా మీద పాచి పట్టింది. 'పాచి, దిగండి' అని కేక వచ్చింది, దిగి నడిపించుకుంటూ దాటాం. ఆ కేక నేను వెనక్కి అందించాను, రత్నం తలూపాడు. అప్పటికి వాడు ఒడ్డున వంగి, ఊడిన గొలుసు ఎక్కించుకుంటున్నాడు. ఉండనా అని అడిగితే, "నువ్వు పోరా, వస్తా" అన్నాడు. చప్టా దాటగానే దోవ తుమ్మచెట్ల మధ్య మలుపు తిరిగి ఎక్కుతుంది. మలుపు తిరిగాక వాగు కనపడదు.

కట్ట మీద డబ్బాలు తెరిచాం. రత్నం రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మామూలుగా అయితే అప్పుడే ఒకరు వెనక్కి పోవాలి, మేం పెట్టుకున్న ఇంకో నియమం అది. కానీ ఖాసిం చేతులు అడ్డం పెట్టాడు.

"నీకు చెప్తా అన్నాడు గదా మామా, ఇప్పుడు చెప్తా ఉన్నాడు. చెట్టు చాటున కూర్చోని నవ్వుకుంటాంటాడు. ఆకలైతే తోక అదే వస్తాది."

నిజమే అనిపించింది. అందరికీ అనిపించింది. మనం కంగారుపడి పరుగెత్తితే వాడు గెలిచినట్టేనని నవ్వుకుంటూ తిన్నాం. విజయ టీచరు ఒక్కతే తినలేదు. నాకెందుకో బాగాలేదు, చూసొస్తానని సైకిల్ ఎక్కి కిందికి పోయింది.

నా చేతిలో చిత్రాన్నం ముద్ద ఉంది. మలుపు అవతల నుంచి విజయ టీచరు గొంతు వచ్చింది.

"రత్నమన్న నీళ్ళల్లో... పడినాడు. రండి."

అదే గొంతు. అదే రొప్పు. 'నీళ్ళల్లో' తర్వాత అదే తెగిన ఊపిరి. నా నోరు కోతలు కోస్తుంది గానీ, నా చెవులు కొయ్యవు.

మేం పరుగెత్తి చేరేసరికి, రత్నం చప్టా పాచి మీద జారి పడి ఉన్నాడు. మొహం నీళ్ళలో ఉంది, సైకిల్ వాడి కాళ్ళ మీద పడి ఉంది. సునీత చుట్టిన తువ్వాలు విడిపోయి, ఒక కొస తల కింద చిక్కుకుని, మిగతాది ప్రవాహంలో ఆడుతోంది. అందరం కలిసి వెల్లకిలా తిప్పాం. వాడంత బరువు మనిషి చేతుల్లోకి అంత తేలిగ్గా ఎట్లా వచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సైకిళ్ళ కోసం తెచ్చిన లారీలోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. తల మీద దెబ్బ చిన్నదేనని డాక్టరు అన్నాడు. స్పృహ తప్పి నీళ్ళలో బోర్లా పడ్డాడని, ఎవరైనా వెంటనే తిప్పి ఉంటే బతికేవాడని సునీత ఎదుటే చెప్పాడు. ఆమె ఆ మాట విన్నది. తర్వాత మా అందరి వంకా చూసింది.

ఊళ్ళో లెక్క తేలిపోయింది. శీనయ్య గొంతు మార్చి ఎగతాళికి అరిచినాడు, ఆ ఎగతాళి వల్ల నిజంగా పడినప్పుడు ఎవరూ పోలేదు, మనిషి పోయినాడు. దీంట్లో రెండో సగం నిజం, అందులో నాకు అనుమానమే లేదు. ఆ మొదటి కేక లేకపోతే మేం నవ్వుకుంటూ తింటూ కూర్చునేవాళ్ళమే కాదు. మొదటి సగం మాత్రం అబద్ధం. కానీ ముందున్న వాళ్ళందరూ ఆ మాట విన్నది నా నోటి నుంచే. నా వెనక ఉన్న ఒక్కడూ ఇప్పుడు లేడు. జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, దుకాణానికి వచ్చినవాళ్ళు గ్లాసులు మోగించి చూసుకుంటూ వింటున్నారు.

విజయ టీచరుతో మాట్లాడాను. మీరు అరిచిన మాటే నా నోట్లో ఉండిపోయిందేమో శీనయ్యగారూ, భయంలో అదే వచ్చిందేమో అన్నది. మాట సంగతి అట్లా సర్దుకోవచ్చు. గొంతు సంగతి? గనుల దగ్గర ఆమె గుంపు ముందున్నది, మోకాళ్ళ నొప్పికి ఏం మాత్ర మంచిదని ఖాసింను అడుగుతున్నది. ఆ సంగతి ఇద్దరూ చెప్పారు. రాళ్ళకుప్పల ప్రతిధ్వని అనుకుందామని, ఆమెను బతిమాలి మళ్ళీ అక్కడికి తీసుకుపోయి అరిపించాను. కుప్పల నుంచి తిరిగొచ్చింది ముక్కలు ముక్కలుగా, మాట తెలియనట్టుగా వచ్చింది. అయినా, ఇంకా అనని మాటకు ప్రతిధ్వని ఏంది?

అది హెచ్చరిక అయితే చప్టా దగ్గర రావాలి. గనుల దగ్గర వచ్చి, మమ్మల్ని నవ్వించి, ఆ నవ్వుతోనే కట్ట మీద కూర్చోబెట్టింది. దాన్ని మంచిదనాలో చెడ్డదనాలో కూడా నాకు తెలియదు.

పోయిన రత్నం కోసం వాళ్ళ ఇంట్లో ఆదరణ కూడిక జరిగిన రోజు పోయాను. ప్రార్థన అయ్యాక, గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాను. సునీత వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తూ నా దగ్గర ఆగింది.

"అన్నా, ఆ పొద్దు అరిచింది నువ్వేనా?"

"విన్నది అందించినా సునీతమ్మా. నేను పుట్టించింది కాదు."

ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేందో విన్నావులే అన్నా. నేను నమ్మినా" అన్నది.

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. చేపకు కొమ్ముల్లేవు, కుప్పలు కొండలంత లేవు. అవి మీరే తగ్గించి చదువుకుని ఉంటారు. వాటిని నేను కల్పించడం అనను.

కల్పించింది ఒక్కటే. సునీత అడిగింది నిజం. నేను చెప్పిన జవాబు నిజం. ఆమె నిలబడటం కూడా నిజమే. కానీ ఏమీ అనలేదు. నా చేతిలో గ్లాసు ఖాళీ కావడం కోసం నిలబడింది. తాగి ఇచ్చాను, తీసుకుని పక్కాయన దగ్గరికి పోయింది.

కేక నిజం, ఆమె నమ్మానన్న మాట అబద్ధం. అటుది ఇటు అయ్యుంటే ఎంత బాగుండేదో.