నల్లపోగు టోపీల బుచ్చమ్మ

పోయిన శుక్రవారం ప్రాతఃకాలాన, పాలు పోయడానికి వచ్చిన మనిషి నోట ఆ దుర్వార్త వినగానే నా చేతిలోని చాయ గ్లాసు నేలజారి వెయ్యి ముక్కలైంది. దిక్కులన్నీ చీకటి కమ్మాయి. పరుగు పరుగున పోయి చూద్దును గదా, వాగొడ్డు పొడుగునా ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక్కొక్కరి కన్నూ ఒక్కొక్క చెరువు.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే రోత పుట్టింది. అయినా కొట్టివేయడం లేదు. నేనెలాంటివాణ్ణో పాఠకులకు ముందే తెలియడం మంచిది. గ్లాసు ఇత్తడిది, పగలదు. చాయ అడుగంటా తాగిన తరువాతే లేచాను. జనం పదకొండుగురు. అందులో ఇద్దరు డప్పు కొట్టేవాళ్ళు, ఒకడు దారిన పోతూ బీడీకి నిప్పు అడగడానికి ఆగినవాడు.

కాలం చేసింది బుచ్చమ్మ. చిట్యాలకు రెండు కోసుల దూరాన, వాగు పక్క ఊళ్ళో ఈతాకుతో టోపీలు అల్లిన మనిషి. ఆ ఊరి బడిలో నేను పద్దెనిమిదేళ్ళు పంతులుగా ఉన్నాను. మన జిల్లాలో ఎండకు తలకు రుమాలు చుట్టేవాళ్ళే గాని టోపీ పెట్టేవాళ్ళు తక్కువ. అయినా గొర్రెల కాపరులు, సైకిలు మీద తిరిగే పంతుళ్ళు, పొలాలు కొలిచే అమీన్లు ఆమె టోపీ కోసం వెతుక్కుంటూ వచ్చిన కాలం ఒకటుండేది. అది అంతరించి తొమ్మిదేళ్ళయింది. ఆమెను మట్టి చేస్తున్న చోట ఆ బాటసారి ఎవరు పోయారని అడిగితే, డప్పు చంకన పెట్టుకున్నవాడు ఒక్క మాటతో తేల్చాడు.

"జల్లెడ టోపీల ముసల్ది."

నలభై ఏళ్ళ శిల్పనైపుణ్యానికి ఆఖరికి దక్కిన బిరుదు అది. అబద్ధపు బిరుదు. ఆ పేరును ఆమె మీది నుంచి ఊడబెరికి, తగిలించవలసినవాడికి తగిలించడానికే ఈ వ్యాసం.

ఆమె తండ్రి పట్నం పక్కన దండు ఉండే లష్కర్‌లో ఒక తెల్లదొర గుర్రాల కొట్టంలో పనిచేసేవాడట. దొర పారవేసిన గడ్డిటోపీని ఇంటికి తెచ్చి, పోగు పోగు విప్పి, మళ్ళీ అల్లి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాడట. ఆ దేశపు గడ్డి మనకెక్కడిది? వాగు పొంటి పెరిగే ఈతచెట్ల నడిమి లేత మొవ్వాకు పనికివచ్చింది. తండ్రి దగ్గర నేర్చిన కూతురు తండ్రిని మించింది.

టోపీని పరీక్షించి కొనే మర్మాలన్నీ ఆమెకు ఉపదేశించిన గురువును నేనేనని తాలూకాలో చాలామందికి చెప్పుకున్నాను. ఉపదేశం జరిగిన మాట నిజమే. చెప్పింది ఆమె, విన్నది నేను. మొదటిసారి కొనబోయినప్పుడు టోపీని దూరం నుంచి చూసి, అద్భుతం, ఇవ్వమన్నాను. ఆమె దాన్ని నా చేతిలో నుంచి గుంజుకుంది.

"పైపైన జూసి కుండ గూడ కొనరు పంతులూ. లోపల చెయ్యి పెట్టు."

పెట్టాను. నడినెత్తిన, ఎనిమిది ఆకుపోగులు ఒకదాన్నొకటి దాటుకునే చోట అల్లిక మొదలవుతుంది. దాన్ని ఆమె టోపీ బొడ్డు అనేది. అక్కడ సూదిమొన అంత వెలుగు కనబడినా ఆ టోపీ ముట్టకూడదు. తరువాత అందులో చెంబెడు నీళ్ళు పోయించి, చుక్క కారకుండా నా చేత తాగించింది. మోకాలి కింద పెట్టి అణచి వదిలితే, నిద్ర లేచిన పిల్లిలా అది ఒళ్ళు విరుచుకుని లేచింది. చివరికి వాసన చూడమన్నది. ఎండిన వరిగడ్డి వాసన రావాలి, చెట్టు వాసన రాకూడదు.

"పచ్చాకు నమ్మిచ్చి పోతది. ఎండ తాకినంకనే దాని గుణం తెలుస్తది."

టోపీ అంచు చుట్టూ ఒక్క నల్లపోగు తిప్పేది. కరక్కాయనూ తుప్పు పట్టిన ఇనుమునూ కలిపి మరిగించిన నీళ్ళలో ఊరిన ఆకు అది. వానకు తడిసినా చెమటకు నానినా ఆ నలుపు దిగేది కాదు. చదువు రాని మనిషికి అదే సంతకం.

కొన్నవాళ్ళ మీద ఆమెకు గౌరవం తక్కువ, ఏవగింపు ఎక్కువ. భూముల లెక్కలు చూడవచ్చిన ఒక గిర్దావరు ఆమె అరుగు మీదే కూచుని, కొత్త టోపీని బోర్లా తిప్పి అందులో పాన్ ఉమ్మాడు. ఆమె మారుమాట లేకుండా టోపీ తీసుకుని వాగుకు పోయింది. ఇసుకతో తోమి కడిగి కంచె మీద ఆరవేసి వచ్చి, ఆరినంక గొర్లకాపరికిస్తా, నీకు కుండపెంకు చాలు అన్నది. గిర్దావరు బోడినెత్తితో మిట్టమధ్యాహ్నం గుర్రమెక్కాడు. నేను అతన్ని అందరి ముందు చీవాట్లు పెట్టానని అప్పట్లో చెప్పుకున్నాను. నిజానికి గుర్రం కళ్ళెం పట్టుకుని ఎక్కించింది నేనే.

తల కొలిచే పద్ధతి కూడా ఆమెదే. ఈతాకు పోగును తల చుట్టూ తిప్పి, కలిసిన చోట ముడి వేసి, ఆ చుట్టను గోడకు కట్టిన తాడుకు తగిలించేది. వాటిని తలకాయలనేది. మూడూళ్ళ పెద్దమనుషుల తలకాయలు ఆ గుడిసెలో మూలకు వేలాడుతుండేవి. మనిషి చచ్చిపోయాడని తెలిసిన రోజు అతని ముడి విప్పి, పోగును వాగులో విడిచేది. తల పోయినంక కొలతెందుకు అనేది. ఒకసారి పటేలు, తన తల పెద్దదో తన బావమరిది తల పెద్దదో తేల్చమని మనిషిని పంపితే ఆమె చెప్పలేదు. తలకాయల సంగతి చాటుగా ఉండాలన్నది. ఆ రహస్యం నాకు మాత్రం తెలుసు. ఆమె నీళ్ళకు పోయినప్పుడు దొంగచాటుగా మూర వేసి చూశాను. పటేలు తల వాళ్ళ జీతగాని తలకన్నా రెండు వేళ్ళు చిన్నది.

ఇక అసలు కథ. తొమ్మిదేళ్ళ కిందట, బెజవాడ పోయే సడక్ వెడల్పు చేయడానికి కొలతలు తీసేవాళ్ళు చిట్యాల దగ్గర డేరాలు వేశారు. ఏదో పని మీద అటు పోయిన నన్ను పిలిచి, వాళ్ళ ఇంజనీరు దొర నా టోపీ అడిగి తీసుకున్నాడు. లోపల చేయి పెట్టి చూశాడు. తెలిసినవాడు. ఎక్కడిదని అడిగాడు. నా పర్యవేక్షణలో నడిచే కుటీరపరిశ్రమలోదని చెప్పాను. వెంటనే నాకు కుర్చీ వేయించాడు, పింగాణీ కప్పులో చాయ ఇప్పించాడు. తనిఖీకి వచ్చిన ప్రతివాడి ముందూ నిలబడే బతికిన బడిపంతులుకు ఆ కుర్చీ సింహాసనమైంది. తన మనుషులకు పది రోజుల్లో ముప్పై టోపీలు కావాలన్నాడు. అవశ్యం అన్నాను.

ఆ సాయంత్రమే బుచ్చమ్మ ముందు కూచున్నాను. ఒక్క టోపీకి నాలుగు దినాలని, ఆకు కోయాలె, ఎండాలె, మంచులో పండాలె, మళ్ళీ తడిపి అల్లాలె అని వేళ్ళు మడిచి చెప్పింది. నాలుగు నెలలకు రమ్మన్నది. కుర్చీ వేసి కూచోబెట్టిన దొరకు మాట ఇచ్చి వచ్చానని, నా పరువు పోతుందని బతిమాలాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"కుర్సీ నీది పంతులూ. పేరు నాది."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఒక ఆకులల్లే ముసల్దానికి పేరేమిటి అనుకున్నాను. ఇలా అనుకున్నవాడు బడిలో నీతిపాఠాలు చెప్పేవాడు. మర్నాడే అవతలి గూడేనికి పోయి, చాపలల్లేవాళ్ళను పదిమందిని కూర్చోబెట్టి, పచ్చాకు కోయించి, ఎనిమిది రోజుల్లో ముప్పై టోపీలు అల్లించాను. నల్లపోగు లేకపోతే అవి బుచ్చమ్మ టోపీలనిపించుకోవు. కరక్కాయ ఊరవేసే వ్యవధి లేదు. బడిలోని సిరాబుడ్డీలు తెచ్చి, ముప్పై పోగులూ నా చేతులతో నేనే ముంచాను. తడి ఆరకముందే అన్నీ గోనెసంచుల్లో కుక్కి, బుచ్చమ్మ టోపీలని చెప్పించి డేరాలకు పంపాను. ఇంజనీరు పట్నం పోయి ఉన్నాడు. అతని కింద పని చూసే ఓర్సీరు దించుకుని తలా ఒకటి పంచాడు.

మూడు రోజుల ఎండ చాలింది. పచ్చాకు ఎండి సన్నబడి, పోగుకూ పోగుకూ మధ్య సందులు తెరుచుకున్నాయి. టోపీ పెట్టుకున్నవాడి మొహం మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడింది. అంచులు తడిసిన అప్పడాల్లా కళ్ళ మీదికి వాలాయి. సంచుల్లో ముక్కిన తడికి లోపల బూజు పట్టి, చచ్చిన ఎలుక కంపు కొట్టింది. తలలు దురదలెత్తి పుండ్లయ్యాయి. అన్నిటికీ మించి, చెమటకు సిరా కరిగి ముప్పైమంది నుదుళ్ళ మీదా నల్లటి చార దిగింది. వాళ్ళు వాగులో మొహాలు కడుక్కుంటుంటే ఊరు ఊరంతా చూసి నవ్వింది.

ఓర్సీరు టోపీలన్నీ బండికెత్తించి తెచ్చి, ఊరందరి ముందర, బుచ్చమ్మ గుడిసె వాకిట్లో కుప్ప పోయించాడు. టోపీలడిగితే జల్లెడలిచ్చిందన్నాడు. ఆ పేరు అక్కడ పుట్టింది. అందరూ ముక్కులు మూసుకుని చుట్టూ నిలబడ్డారు. ఆమె గుడిసెలో నుంచి వచ్చి ఒక టోపీ తీసింది. లోపల చేయి పెట్టింది. వాసన చూసింది. తాగే కడవలో పురుగు కనబడ్డట్టు ఆమె మొహం వికారమైంది. తరువాత వేలు ఉమ్మితో తడిపి అంచు మీది నల్లపోగును రుద్ది, వేలి వైపు చాలాసేపు చూసింది. ఎవరి వైపూ చూడలేదు. వేలు కొంగుకు తుడుచుకుంది.

నేను గుంపు వెనక ఉన్నాను. అక్కడ ఉన్నవాణ్ణి ఊరకుంటే అదొక పాపం. ఊరుకోలేదు. "అయ్యో బుచ్చమ్మా, గింత పని జేస్తివా" అని పదిమందికీ వినబడేట్టు అన్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇందులో పెంచింది ఏమీ లేదు.

ఆ తరువాత ఆమె టోపీ కొన్నవాడు లేడు. చీపుళ్ళు కట్టింది, చాపలల్లింది. ఊళ్ళో ఏ వస్తువు నాసిగా ఉన్నా బుచ్చమ్మ టోపీ అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఎదురైనప్పుడల్లా "దండం పంతులూ" అని పక్కకు తప్పుకునేది. పాపం, ఆమెకేమీ తెలియలేదనుకున్నాను. నా టోపీ చిరిగిపోతే మరొకటి అడిగే ధైర్యం లేక, చిట్యాల అంగట్లో ప్లాస్టిక్ టోపీ కొన్నాను. ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. ఎండలో పెడితే ఉడికిన చెప్పు వాసన, నెత్తిన పెడితే కుండలో తల పెట్టినట్టు. అందులో చేయి పెట్టి చూడడానికి బొడ్డు కూడా లేదు. ఇంతటి నీచమైన వస్తువును మురిసిపోయి కొంటున్న జనాన్ని చూస్తే ఏవగింపు కలుగుతుంది. మొదట కొన్నవాళ్ళలో నేనొకణ్ణి.

శుక్రవారం మట్టి చేసి వచ్చాక, ఆమె కూతురు లచ్చమ్మ నన్ను గుడిసె లోపలికి రమ్మన్నది. తాడుకు ఇంకా పదిహేను, ఇరవై తలకాయలున్నాయి. ఒక్క పోగు మాత్రం చుట్టగా లేదు. ముడి విడి, తిన్నగా కిందికి వేలాడుతున్నది.

"గిది నీదే పంతులూ."

ముడి ఎవరు విప్పారని అడిగాను.

"అవ్వనే. టోపీలు కుప్ప వోసిన్నాడే ఇప్పింది. సిరా ఊళ్ళె ఎవ్వలింట్ల ఉంటది? నీ బడిల దప్ప."

తొమ్మిదేళ్ళు. నాకు దండం పెట్టిన ప్రతిసారీ ఆమె ఒక చచ్చినవాడికి పెట్టింది. మరి నలుగురిలో ఎందుకు అనలేదని అడిగాను. ఆ అడగడంలోని సిగ్గులేనితనం నోరు దాటాక గాని తెలియలేదు.

లచ్చమ్మ కోపంగా ఏమీ లేదు. అలసిపోయి ఉంది. "నేనూ గట్లనే అడిగిన. 'నేను జెప్తె ఎవ్వలింటరు బిడ్డా, పంతులు జెప్తె ఊరింటది, ఆయన నోటితోనే రావాలె' అన్నది. గా పోగును వాగుల ఇడువమంటె ఇడువలే. ఎన్నడన్న జెప్తడేమో, జెప్తె మల్ల ముడేస్త అన్నది. శాన దినాలు జూసింది."

పోగు చేతిలోకి తీసుకున్నాను. ముడి ఉన్న చోట ఆకు ఇంకా వంకరగానే ఉంది. నువ్వు ముడి వేస్తావా అని లచ్చమ్మను అడిగాను. ముందు ఊరికి చెప్పమన్నది.

చెబుతున్నాను. ఆ ముప్పై టోపీల్లో ఒక్కటీ బుచ్చమ్మ చేతిది కాదు. పచ్చాకు కోయించినవాణ్ణి నేను, సిరా పూసినవాణ్ణి నేను, అందరి ముందు ఆమెను దెప్పినవాణ్ణీ నేనే. ఆమె జీవితంలో ఆమె చేతుల మీదుగా వెలుగు కనబడే టోపీ ఒక్కటి బయటికి రాలేదు. అలాంటి చేయి ఈ తాలూకాలో మళ్ళీ పుడుతుందని నేననుకోను. ఇది అతిశయోక్తి అనిపిస్తే, ఆమె పాత టోపీ ఏ గొర్రెలకాపరి గుడిసెలోనైనా చూరుకు వేలాడుతుంటుంది. తీసి లోపల చేయి పెట్టి చూడండి.

ఈ పత్రిక అచ్చయి నా చేతికి అందిన రోజున ఆ ఊరికి పోతాను. బోడినెత్తితోనే పోతాను. దీన్ని ఆమె గుడిసె వాకిట్లో, టోపీలు కుప్ప పోసిన ఆ జాగాలో నిలబడి, పైకి చదువుతాను. జనం తండోపతండాలుగా వస్తారని రాయబోయి ఆగాను. ఎందరు వస్తే అందరు. డప్పు కొట్టేవాణ్ణి మాత్రం ముందే పిలిపిస్తాను. ఊరు నాలుగు మూలలా తిరిగి అతను చాటవలసిన మాట ఒకటుంది. నల్లపోగు టోపీల బుచ్చమ్మ పోయిందని చాటాలి. అతనికి నోటికి వచ్చేదాకా పక్కన నడుస్తూ నేను చెప్పిస్తాను.